థియరీ పాసయ్యాక మిగిలే పరీక్ష: ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్ గురించి కాస్త వివరంగా

ఈరోజు మనం ఎప్పుడూ మాట్లాడుకునే కోడింగ్, ఉద్యోగాలు, జీతాల గోల కాదు. ఎంబీబీఎస్ చదివే పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ పేపర్ మీద రాసేవాటికంటే, వార్డులో పేషెంట్ పక్కన నిలబడి ఇచ్చే క్లినికల్ ప్రాక్టికల్స్ గురించి ఎక్కువ చెప్తాను.

"నువ్వు చదివింది బీటెక్, నీకెందుకు బాబూ ఇది" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా చెల్లి ఎంబీబీఎస్. నాలుగున్నరేళ్ళు మా ఇంట్లో పేషెంట్ని నేనే. సెలవులకి ఇంటికొస్తే చాలు, "అన్నయ్యా, ఒకసారి పడుకో" అనేది. నా కడుపు మీద ఆ అమ్మాయి తట్టినన్ని సార్లు మా అమ్మ చపాతీ పిండి మీద కూడా తట్టి ఉండదు. నా లివర్ ఎన్ని వేళ్ళ కింద ఉందో నాకంటే తనకే బాగా తెలుసు. అలా చూస్తూ చూస్తూ, వింటూ వింటూ ఈ పరీక్షల లోపలి సంగతి కొంత అర్థమైంది. తన క్లాస్‌మేట్స్‌తో, సీనియర్లతో మాట్లాడాక ఇంకొంచెం అర్థమైంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ పిల్లలు మెడిసిన్‌లోకి ఎలా వచ్చారు? నీట్ రాసి. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు, ఓఎంఆర్ షీట్ మీద గుండ్రాలు నింపడం. ఇంటర్ రెండేళ్ళు, లాంగ్ టర్మ్ ఉంటే ఇంకో ఏడాది, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. ఇంటర్ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతాయో మనందరికీ తెలుసు, ఆ విషయం ఇక్కడ వదిలేద్దాం. అంటే 18, 19 ఏళ్ళు వచ్చేదాకా ఆ అమ్మాయిని గానీ అబ్బాయిని గానీ ఎదురుగా కూర్చోబెట్టి "నీకు తెలిసింది నోటితో చెప్పు" అని గట్టిగా అడిగినవాళ్ళు దాదాపు లేరు. మూడు గంటలు చేత్తో రాసే అలవాటు కూడా పోయి ఉంటుంది. అలాంటి పిల్లల్ని తీసుకెళ్ళి ఫస్టియర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ థియరీ పేపర్లు రాయిస్తారు. ఎముక చేతిలో పెట్టి "ఇది కుడిదా ఎడమదా" అని అడుగుతారు. మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెట్టి, గంట కొట్టేలోపు అదేంటో రాయమంటారు. ఈ స్పాటర్స్ అంటే మా చెల్లికి ఇప్పటికీ దడే. ఫస్ట్ ప్రొఫెషనల్ పరీక్ష పాసవడానికి మొత్తం నాలుగు అటెంప్ట్‌లే ఉంటాయి. ఆ తర్వాత ఇక కోర్సులో ఉండనివ్వరు.

మా బీటెక్ ల్యాబ్ ఎగ్జామ్ గుర్తొస్తే నవ్వొస్తుంది. రికార్డు పూర్తిగా రాసి, ఎక్స్‌టర్నల్ గారికి నమస్తే పెట్టి, అవుట్‌పుట్ రాకపోతే పక్కవాడి స్క్రీన్ చూపించి బయటపడేవాళ్ళం. ఎంబీబీఎస్‌లో అలా కుదరదు. థియరీలో 50 శాతం, ప్రాక్టికల్‌లో 50 శాతం రెండూ విడివిడిగా రావాలి. థియరీలో 80 శాతం తెచ్చుకున్నా ప్రాక్టికల్‌లో 49 వస్తే ఆ సబ్జెక్ట్ పోయినట్టే. హాజరు కూడా థియరీ క్లాసులకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం అడుగుతారు. అంటే కోర్సు రూల్స్ రాసినవాళ్ళకి ఏది ముఖ్యమో తెలుసు. మరి పిల్లలు రోజులో ఎక్కువ టైమ్ దేనికి పెడతారు? పుస్తకానికి. నా మాట ఇక్కడే ఉంది. చాలామంది ప్రాక్టికల్‌ని కూడా థియరీలాగే ప్రిపేర్ అవుతారు. మంచం మీద కూర్చుని, నోరు మూసుకుని, హైలైటర్‌తో. ఆ పరీక్ష జరిగేది మాత్రం నిలబడి, నోరు తెరిచి, చేతులు పెట్టి.

థియరీ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద సీనియర్ల సలహాలు కావలసినన్ని దొరుకుతాయి. 100 మార్కులకి మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. మార్కుకి దాదాపు 1.8 నిమిషాలు. 10 మార్కుల ప్రశ్నకి 18 నిమిషాలే. తెలిసిన ప్రశ్న కదా అని మొదటి ఎస్సేకి ముప్పావు గంట పెడితే చివరి షార్ట్ నోట్స్ మూడు గాల్లో కలిసిపోతాయి. కొత్త పద్ధతిలో ఎంసీక్యూలు కూడా ఉంటాయి గానీ థియరీ మార్కుల్లో 20 శాతం దాటకూడదని రూల్. మిగతాదంతా చేత్తో రాయాల్సిందే. చాలాచోట్ల ఇప్పుడు ఆన్సర్ షీట్లు స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతున్నారు. కాబట్టి లేత పెన్సిల్‌తో గీసిన బొమ్మ తెర మీద కనపడకపోవచ్చు. ముదురుగా గీయండి, లేబుల్స్ ఒకే వైపు రాయండి, హెడింగ్ కింద గీత పెట్టండి. దిద్దేవాళ్ళు కూడా మనుషులే, వాళ్ళ కంటికి పని తగ్గించండి.

చదివే పద్ధతి గురించి మాత్రం ఒక ప్రయోగం చెప్పాలి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకి చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. కొందరు అదే పాఠాన్ని మళ్ళీ చదివారు. ఇంకొందరు పాఠం పక్కన పెట్టి, గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంది. ఐదోసారి చదివినప్పుడు "అబ్బా, ఇదంతా నాకు వచ్చు" అనిపిస్తుంది చూశారా, దాన్ని నమ్మకండి. అది పేజీ మనకి పరిచయమైందనే ఆనందం. పుస్తకం మూసి, రాబిన్స్‌లో చదివిన ఆ పేజీని తెల్ల కాగితం మీద దింపగలిగితే వచ్చినట్టు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఫైనలియర్ జనరల్ మెడిసిన్ తీసుకోండి. థియరీ 200, ప్రాక్టికల్ 200. సర్జరీ, ఓబీజీ కూడా అంతే. పీడియాట్రిక్స్ 100, 100. ప్రాక్టికల్ రోజు పొద్దున్నే తెల్లకోటు ఇస్త్రీ చేయించి, జేబుల్లో స్టెతస్కోప్, టార్చ్, టేపు, మోకాలి మీద కొట్టే సుత్తి, దూది, ట్యూనింగ్ ఫోర్కు అన్నీ సర్దుకుని వార్డుకి వెళ్తారు. మా అమ్మ అయితే ఆ కోటు జేబులో విభూతి పొట్లం కూడా పెట్టింది. చీటీలో ఏ బెడ్ వస్తే అదే లాంగ్ కేసు. ముప్పావు గంటో గంటో టైమ్ ఇస్తారు. ఆ టైమ్‌లో పేషెంట్‌తో మాట్లాడి, తల నుంచి పాదం దాకా చూసి, కేసు షీట్ రాసి, జబ్బేంటో ఒక నిర్ణయానికి రావాలి. తర్వాత ఎగ్జామినర్లు వస్తారు. వాళ్ళలో సగం మంది బయటి కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే ఉండాలి. అది అయ్యాక షార్ట్ కేసులు. ఆ తర్వాత టేబుల్ వైవా, అంటే ఎక్స్‌రే, ఈసీజీ, మందులు, పరికరాలు ముందు పెట్టి అడగడం.

వీటిలో మొదటి గండం ఏంటో తెలుసా? జబ్బు కాదు, భాష. పుస్తకంలో అంతా ఇంగ్లీష్. పేషెంట్ తెలుగు. ఎగ్జామినర్‌కి చెప్పాల్సింది మళ్ళీ ఇంగ్లీష్‌లో. మధ్యలో ఈ పిల్ల నిలబడి రెండు వైపులా అనువాదం చేయాలి. ఆ తెలుగు కూడా ఒక తెలుగా? ఊపిరి ఆడకపోతే ఒకరు ఆయాసం అంటారు, ఒకరు ఎగపోత అంటారు, వరంగల్ ఎంజీఎంకి వచ్చే పెద్దమ్మ దమ్ము వస్తుంది అంటుంది. జలుబు, పడిశం, సర్ది అన్నీ ఒకటే. కఫం, కళ్ళె, తెమడ అన్నీ ఒకటే. "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే మాత్రం ఒకటి కాదు. గది గిర్రున తిరిగినట్టుందా, కళ్ళు బైర్లు కమ్మాయా, స్పృహ తప్పి పడిపోయాడా అన్నది విడగొట్టి అడగాలి, ఎందుకంటే మూడూ వేర్వేరు జబ్బుల వైపు తీసుకెళ్తాయి. "తిమ్మిరి" కూడా అంతే. స్పర్శ తెలియట్లేదా, చీమలు పాకినట్టుందా, కాలు లేవట్లేదా? ఇక "గ్యాస్" సంగతి చెప్పక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో కడుపు ఉబ్బరం నుంచి గుండెపోటు దాకా అన్నీ గ్యాసే.

ఎన్నాళ్ళ నుంచి అని అడగండి. "మూడు వారాల నుంచి సర్" అని ఎవరూ చెప్పరు. "సంక్రాంతికి బానే ఉన్నా", "నాట్లప్పుడు మొదలైంది", "బోనాలప్పుడు ఊళ్ళోనే పడిపోయిన" అంటారు. దాన్ని నెలల్లోకి, వారాల్లోకి మార్చి, ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది వరసలో పెట్టాలి. కార్పొరేట్ స్కూల్లో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఊరికి పండక్కి మాత్రమే వెళ్ళిన పిల్లలకి నాట్లు ఎప్పుడు వేస్తారో తెలీదు. తప్పు వాళ్ళది కాదు గానీ, పరీక్షలో మార్కు వాళ్ళదే పోతుంది. ఆలిండియా కోటాలో 15 శాతం సీట్లకి వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ కష్టం ఇంకా ఎక్కువ. మా చెల్లి రూమ్మేట్ ఒక కేరళ అమ్మాయి. ఆ అమ్మాయి నోట్‌బుక్ వెనక పేజీల్లో మలయాళం లిపిలో "ఎప్పట్నుంచమ్మా", "నొప్పి ఎటు పాకుతుంది", "ఊపిరి గట్టిగా పీల్చి వదలండి" అని రాసుకుంది. సెకండియర్ నుంచి క్యాంటీన్‌లో, ఆటోలో కావాలనే తెలుగులోనే మాట్లాడేది. ఫైనలియర్ వచ్చేసరికి మా చెల్లికంటే తనే హిస్టరీ బాగా తీసేదట. చెల్లి స్వయంగా ఒప్పుకున్న మాటిది, నేను కల్పించింది కాదు.

పేషెంట్ గురించి ఇంకో మాట. పరీక్షకి పెట్టే కేసులు సాధారణంగా నిలకడగా ఉండి, చేతికి బాగా దొరికే లక్షణాలున్నవి. రుమాటిక్ గుండెజబ్బు, పొట్టలో నీరు చేరిన లివర్ జబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తి చుట్టూ నీరు. సర్జరీలో హెర్నియా, థైరాయిడ్ గడ్డ, కాళ్ళలో ఉబ్బిన నరాలు. ఆ మనిషిని అప్పటికే పది మంది స్టూడెంట్స్ తట్టి, నొక్కి, విని వెళ్ళి ఉంటారు. "ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ" అని విసుక్కునే హక్కు ఆయనకుంది. కొందరికి తమ జబ్బు పేరు ఇంగ్లీష్‌లో కంఠతా వచ్చేసి ఉంటుంది, జాలిపడి చెవిలో చెప్పేస్తారు కూడా! ఆ సాయం మీద మాత్రం ఆధారపడకండి. జబ్బు పేరు చెప్పగానే తర్వాతి ప్రశ్న "ఎలా చెప్పగలవు" అనే వస్తుంది. "తాత చెప్పాడు సర్" అనలేం కదా. నమస్తే పెట్టి, పేరు అడిగి, చూడటానికి అనుమతి తీసుకుని, చేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుని, కుడి వైపు నిలబడి, తెర లాగి మొదలుపెట్టడం మర్యాద మాత్రమే కాదు, ఎగ్జామినర్ గమనించే మొదటి విషయం కూడా అదే. చల్లటి చేయి పొట్ట మీద పెడితే కండరాలు బిగుసుకుంటాయి, లోపలున్నది చేతికి తగలదు. ఇది నేను పేషెంట్‌గా అనుభవం మీద చెప్తున్నాను.

ఇప్పుడు మా చెల్లికి ఏం జరిగిందో చెప్తాను. తన అనుమతితోనే.

ఫైనలియర్ మెడిసిన్ థియరీ బాగా రాసింది. ప్రాక్టికల్‌లో లాంగ్ కేసు ఒక పెద్దాయన. కుడి వైపు ఊపిరితిత్తి చుట్టూ చాలా నీరు. అన్నీ సరిగ్గానే చూసింది. కుడి వైపు తడితే బండ మీద కొట్టినట్టు మొద్దు శబ్దం. ఊపిరి శబ్దం తగ్గింది. శ్వాసనాళం, అదే ట్రాకియా, ఎడమ వైపుకి జరిగి ఉంది. నీరు ఎక్కువైతే అలా ఎదుటి వైపుకి నెడుతుంది, అది పుస్తకం ప్రకారం కూడా కరెక్ట్. కేసు షీట్‌లో అలాగే రాసింది. ఎగ్జామినర్ వచ్చి "ట్రాకియా?" అన్నారు. "ఎడమ వైపుకి జరిగింది సర్." ఆయన కళ్ళజోడు సర్దుకుని "ఆర్ యూ ష్యూర్?" అన్నారు. అంతే. "లేదు సర్, మధ్యలోనే ఉంది" అంది. మధ్యలో ఉంటే అంత నీరుందని ఎలా అంటావు అని ఆయన అడిగారు. పోనీ లోపల ఇంకేదైనా ఉండి నీటికి ఎదురుగా లాగి పట్టుకుందా అని ఇంకో ప్రశ్న. అక్కడి నుంచి ఇక ఒక్క వాక్యం కూడా పూర్తిగా రాలేదు. 200కి 91 వచ్చాయి. తొమ్మిది మార్కులు.

తొమ్మిది మార్కులంటే ఏంటో మా ఇంట్లో అప్పుడే తెలిసింది. బ్యాచ్ మొత్తం ఇంటర్న్‌షిప్‌లో చేరిపోయింది, తను సప్లిమెంటరీ పాసయ్యేదాకా చేరలేదు. ఇంటర్న్‌షిప్ ఏడాది ఎప్పుడు పూర్తవుతుందన్న దాన్ని బట్టే నీట్ పీజీకి అర్హత. కటాఫ్ తేదీ దాటితే ఏకంగా ఒక సంవత్సరం వెనక్కి. బీటెక్‌లో బ్యాక్‌లాగ్ అంటే జోకు, ఎన్నున్నాయో గర్వంగా చెప్పుకునేవాళ్ళం. మెడిసిన్‌లో సప్లీ అంటే ఇంట్లో ఫోన్ తలుపేసుకుని మాట్లాడుకునే విషయం. చుట్టాల పెళ్ళిలో "డాక్టరమ్మా, అయిపోయినట్టేనా?" అని అడిగితే మా అమ్మ మాట మార్చేసేది. చెల్లి ఆ పెళ్ళి నుంచి భోజనం చేయకుండానే వచ్చేసింది.

నేను ఆలోచించింది ఇది. తనకి తెలియక పోలేదు. కేసు షీట్‌లో రాసి ఉంది కదా! తనకి చేతకానిది, ఒక పెద్దమనిషి ఎదురుగా నిలబడి తను చూసినదాని మీద నిలబడటం. అది పుస్తకంలో దొరకదు, అభ్యాసం చేయాలి. మా సాఫ్ట్‌వేర్‌లో రబ్బర్ డక్ డీబగ్గింగ్ అని ఒకటుంది. కోడ్‌లో తప్పు దొరక్కపోతే టేబుల్ మీద ఒక రబ్బరు బాతుబొమ్మ పెట్టుకుని, దానికి ఒక్కో లైనూ ఎందుకు రాశావో పైకి చెప్తూ పోవాలి. బాతు ఏమీ మాట్లాడదు. చెప్తుండగా మనకే తప్పు కనపడుతుంది. నేను ఆ బాతునయ్యాను. కాకపోతే మాట్లాడే బాతు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక కేసు. పొద్దున తను వార్డుకి వెళ్ళి నిజంగా చూసి వచ్చిన పేషెంట్‌దే. నిలబడి చెప్పాలి, చేతిలో కాగితం ఉండకూడదు. ఫోన్‌లో రికార్డింగ్, పక్కన స్టాప్‌వాచ్. ఆరు నిమిషాల్లో కేసు మొత్తం. నాకు మెడిసిన్ రాదు కాబట్టి నా దగ్గరున్నవి రెండే ప్రశ్నలు. "ఎందుకు?" "ష్యూరా?" కావాలని కరెక్ట్ చెప్పినప్పుడు కూడా "ష్యూరా?" అనేవాణ్ణి. మొదటి వారం ప్రతిసారీ మాట మార్చేసింది, ఒకసారి ఏడ్చింది, ఒకసారి దిండు విసిరింది. తర్వాత మెల్లగా ఒక వాక్యం కుదిరింది. "నేను చూసినప్పుడు ఎడమ వైపుకి జరిగి ఉంది సర్, మీరు అనుమతిస్తే మళ్ళీ చూసి చెప్తాను." ఈ వాక్యం ఇంగ్లీష్‌లో నోటికి వచ్చేసేదాకా చెప్పించాను. ఇందులో మొండితనం లేదు, లొంగిపోవడమూ లేదు. మళ్ళీ చూశాక నిజంగా తప్పయితే తప్పని చెప్పొచ్చు. చూడకుండా మార్చడమే ప్రమాదం. ఆలోచించండి, రేపు నైట్ డ్యూటీలో ఎవరో పెద్ద డాక్టర్ ఫోన్లో "ష్యూరా?" అన్నందుకు చూసినదాన్ని మార్చి చెప్పే డ్యూటీ డాక్టర్ మన నాన్న పక్కన ఉంటే ఎలా ఉంటుంది? ఆ ఎగ్జామినర్ అడిగిన ప్రశ్న తప్పేం కాదని నాకు ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో మాత్రం చాలా తిట్టుకున్నాను.

"ఎందుకు?" అనేదానికి ఒక ఉదాహరణ. పొట్టలో ఎడమ వైపు గడ్డ తగిలింది, స్ప్లీన్ అంది. కిడ్నీ ఎందుకు కాకూడదు అన్నాను. నాకేదో తెలుసని కాదు, ఆ వైపు కిడ్నీ కూడా ఉంటుందని పదో తరగతిలో చదివా అంతే. దానికి తను చెప్పిన సమాధానం: ఊపిరి పీల్చినప్పుడు కిందికి, కుడి వైపుకి దిగుతుంది, అంచున ఒక నొక్కు తగులుతుంది, పక్కటెముకకీ దానికీ మధ్య వేలు దూరదు, తడితే మొద్దుగా మోగుతుంది. కిడ్నీ అయితే ముందు ఒక చేయి, వెనక ఒక చేయి పెట్టి ఎగరేస్తే చేతికి తగులుతుంది, ముందు పేగు ఉంటుంది కాబట్టి తడితే బోలుగా మోగుతుంది. ఇలా "ఇది ఎందుకు, అది ఎందుకు కాదు" అని ప్రతి లక్షణానికీ జంటగా చెప్పుకుంటే వైవాలో సగం ప్రశ్నలు అయిపోయినట్టే. మిగతా సగంలో తెలియనివి వస్తాయి, రావాలి కూడా. కొందరు ఎగ్జామినర్లు నీకు తెలియని చోటు వచ్చేదాకా లోతుకి వెళ్తూనే ఉంటారు. అక్కడ "తెలీదు సర్" అంటే కొంప మునగదు. అంతకుముందు చెప్పిన పది మాటలు ఎక్కడికీ పోవు.

ఈ తట్టి చూడటం ఉంది చూశారా, దీని వెనక ఒక సరదా కథ ఉంది. దాన్ని 1761లో పుస్తకంగా రాసింది లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా డాక్టర్. వాళ్ళ నాన్నకి సత్రం ఉండేది. పీపాలో సారాయి ఎంత మట్టం దాకా ఉందో తట్టి తెలుసుకోవడం చూసి ఈ ఆలోచన వచ్చిందని చెప్తారు. మనం పుచ్చకాయ కొనేటప్పుడు చేసేదీ అదే. మా చెల్లి వేళ్ళకి ఆ తేడా అలవాటవ్వాలని ఇంట్లో నూనె డబ్బా, గోడ, నా వీపు, అన్నీ తట్టేది. నవ్వుకోండి గానీ చేతికి రావాల్సింది చేత్తోనే వస్తుంది. హచిసన్ గారి క్లినికల్ మెథడ్స్ పుస్తకం మొదట వచ్చింది 1897లో, ఇప్పటికీ కొత్త ఎడిషన్లు వస్తున్నాయి, పిల్లలు కొంటున్నారు. దాన్ని వార్డుకి తీసుకెళ్ళి చదివినవాళ్ళకి ఒకలా, హాస్టల్లో చదివినవాళ్ళకి ఒకలా పనికొస్తుంది.

ఈ పరీక్షలో అదృష్టం పాలు లేదా అంటే, ఉంది. బాగా ఉంది. ఒకరికి సులువైన హెర్నియా, పక్కవాళ్ళకి నరాల కేసు. ఒక ఎగ్జామినర్ నీళ్ళు తాగి రమ్మంటారు, ఇంకొకరు అందరి ముందూ "నిన్నెవరు పాస్ చేశారు ఇప్పటిదాకా" అంటారు. ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో "ఆ సార్ ఇదే అడుగుతారంట" అని తిరిగే మెసేజ్‌లు ఇంకో గోల. వాటిని తెరవకపోవడమే మంచిది. ఈ అదృష్టం సమస్య కొత్తదేం కాదు. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు ఓస్కీ అనే పద్ధతి ప్రచురించారు. వరసగా చిన్న చిన్న స్టేషన్లు ఉంటాయి, గంట మోగగానే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళాలి, అందరికీ అవే ప్రశ్నలు, ఎదురుగా ఉన్న ఎగ్జామినర్ దగ్గర ఒక చెక్‌లిస్ట్. ఇంగ్లండ్‌లో ప్రాక్టీస్ కోసం మనవాళ్ళు రాసే ప్లాబ్ రెండో భాగం ఈ తరహాదే. మన దగ్గర కూడా కొన్ని కాలేజీల్లో ఇంటర్నల్స్‌కి వాడుతున్నారు. న్యాయంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషితో గంట కూర్చుని అతని కథంతా విని జబ్బు తేల్చే లాంగ్ కేసు పోతే మాత్రం నష్టమే. అదృష్టం తగ్గించడానికి కేసుల సంఖ్య పెంచొచ్చు, కేసునే తీసేయక్కర్లేదు. ఇది నా అభిప్రాయం, డాక్టర్లు నన్ను తిట్టొచ్చు.

జార్జియా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ వెళ్ళి చదివొచ్చే మన పిల్లలకి ఇది తలకిందులుగా ఉంటుంది. ఇక్కడికొచ్చి రాసే ఎఫ్ఎంజీఈ మొత్తం ఎంసీక్యూలే. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. అక్కడ పేషెంట్ల భాష రాక వార్డులో వెనక నిలబడిపోయినవాళ్ళు, ఇక్కడ ఓఎంఆర్ తరహా పరీక్ష పాసై నేరుగా ఇంటర్న్‌షిప్‌లో మనిషి ముందు నిలబడతారు. అలాంటి వాళ్ళు ఎవరైనా వింటుంటే, మన ఊరి ప్రభుత్వాసుపత్రిలో తెలిసిన డాక్టర్‌ని బతిమాలైనా సరే, ఆ గ్యాప్‌లో అనుమతితో వార్డులో నిలబడి చూడండి.

మనసు సంగతి కూడా మాట్లాడాలి. నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఒకటి 2024లో రిపోర్ట్ ఇచ్చింది. ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకి మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. నలుగురిలో ఒకరికంటే ఎక్కువ. మా ఇంట్లో ఆ నెలల్లో మాకు బాగా పనికొచ్చినవి పెద్ద విషయాలేం కావు. రాత్రి పన్నెండు తర్వాత పుస్తకం ముట్టకూడదని అమ్మ పెట్టిన రూలు. పరీక్ష రోజు ఖాళీ కడుపుతో పంపకుండా రెండు ఇడ్లీలు. రోజుకొకసారి మెడిసిన్ మాట రాని ఒక గంట. అమ్మానాన్నలు ఎవరైనా వింటుంటే, ఫలితాల రోజు "ఎన్నొచ్చాయి" కంటే ముందు "తిన్నావా" అనండి. నిద్ర పట్టక, బతకాలనిపించక ఇబ్బంది పడుతుంటే టెలీ మానస్ నంబర్ 14416. ఫ్రీ, ఏ టైమ్‌లోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ కాబోయేవాళ్ళు డాక్టర్‌కి ఫోన్ చేయడానికి సిగ్గుపడటం నాకైతే అర్థం కాదు.

చెల్లి సప్లిమెంటరీలో ఏం కేసు వచ్చిందని అడుగుతారేమో. పక్షవాతం. నరాల కేసు, అందరూ భయపడేది. 200కి 118. ఎగ్జామినర్ ఈసారి "ష్యూరా" అని ఒక్కసారి కూడా అడగలేదట, కాస్త నిరాశపడింది కూడా. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. నిన్న రాత్రి ఫోన్ చేస్తే క్యాజువాలిటీలో ఉన్నానని పెట్టేసింది.

డ్యూటీ లేని ఆదివారం ఒకటి దొరికితే తననే ఇక్కడ కూర్చోబెట్టి ఇంటర్న్‌షిప్ గురించి అడుగుతాను. మీ దగ్గర ప్రాక్టికల్స్ అనుభవాలుంటే రాసి పంపండి, ఆ ఎపిసోడ్‌లో చదువుదాం. ఉంటాను మరి, బై.